ఊరి నోటీసు బోర్డు: నిలుపుట, నిలుపుకొనుట

ప్రజాప్రయోజనము కొఱకు ఒక గ్రామములో భూమిని సేకరింపదలచినప్పుడు ప్రభుత్వము తన తొలి ప్రకటనను గెజెట్టులోను, వార్తాపత్రికలలోను ప్రచురించుటతో సరిపెట్టరాదు. 2013 నాటి భూసేకరణ చట్టము 11వ విభాగము ననుసరించి ఆ ప్రకటనను స్థానిక భాషలో గ్రామ పంచాయతీయందు కూడ వెల్లడింపవలెను. ప్రకటన వెలువడిన నాటినుండి 60 దినములలోగా ఆ భూమియందు హక్కుగలవారు తమ అభ్యంతరములను వ్రాతమూలకముగ తెలుపుకొనవచ్చునని 15వ విభాగము చెప్పుచున్నది. అరువది దినములు చాలినంత గడువే. కాని ఆ కాగితము పంచాయతీ కార్యాలయపు లోపలి గోడకు అంటింపబడి, ఆ కార్యాలయపు తలుపు వారమునకు మూడు దినములు మాత్రమే తెరువబడుచుండినచో, చట్టము ఇచ్చిన అరువది దినములలో రైతుకు దక్కునవి సగమైనను ఉండవు.

ఇది ఒక్క భూమి సంగతి కాదు. ఓటర్ల జాబితా ముసాయిదాను వెల్లడించి, పేరు లేనివారు 6వ నమూనాలోను, తప్పులు దిద్దుకొనదలచినవారు 8వ నమూనాలోను దరఖాస్తు చేసికొనుటకు గడువు ఇత్తురు. పంచాయతీ చెరువులో చేపలు పట్టు హక్కును, సంత ఆశీలును, చింతచెట్ల ఫలసాయమును వేలము వేయుటకు ముందు తేదిని తెలియజేయుదురు. వేలము సంగతి నలుగురికి మాత్రమే తెలిసిన ఊరిలో ఆ నలుగురును ముందుగా ఒక మాట అనుకొనుట కష్టము కాదు. పంచాయతీ ఆదాయము తగ్గినదని ఆ తరువాత విచారించి ప్రయోజనము లేదు. తెలిసినవానికి హక్కు, తెలియనివానికి సానుభూతి అన్నట్లుగా కొన్ని గ్రామములలో వ్యవహారము సాగుచుండుట మేము ఎఱుగుదుము. అందుచేత ఆరుబయట, అందఱి కంటబడుచోట, ఎండకు వానకు ఓర్చునట్టి ఒక ప్రకటన ఫలకమును నిలుపుట ఎట్లు, నిలిపినదానిని పదికాలములపాటు కాపాడుకొనుట ఎట్లు అను విషయమును ఇచ్చట వివరింపదలచితిమి.

సమాచార హక్కు చట్టము 2005 అక్టోబరు 12వ తేదిన పూర్తిగా అమలులోనికి వచ్చినది. ప్రభుత్వ కార్యాలయములు తమంత తాముగ సమాచారమును ప్రజలకు అందింపవలెనని ఆ చట్టపు 4వ విభాగము విధించుచున్నది. ఏయే సాధనముల ద్వారా అందింపవచ్చునో చెప్పుచు చట్టము మొట్టమొదట పేర్కొన్నది నోటీసు బోర్డునే. వార్తాపత్రికలు, ప్రసార సాధనములు, ఇంటర్నెట్టు ఆ తరువాత వచ్చినవి. ఆ వరుస యాదృచ్ఛికమే కావచ్చును గాని, గ్రామమునకు సంబంధించినంతవరకు అది సరియైన వరుస యని మా అభిప్రాయము.

ఇట్టి ప్రకటనలు మనకు క్రొత్తవి కావు. కర్నూలు జిల్లా ఎఱ్ఱగుడి కొండబండలమీద క్రీస్తుపూర్వము 3వ శతాబ్దిలో అశోకుడు చెక్కించిన శాసనములు నేటికిని నిలిచియున్నవి. అందలి ఒక శాసనములో రాజాజ్ఞను రజ్జుకుడను అధికారి భేరి మ్రోగించి జానపదులకు తెలుపవలెనని యున్నది. అనగా రాతిమీద చెక్కించినంతమాత్రమున పని ముగిసినదని ఆ చక్రవర్తి తలంపలేదు. చదువనేరనివారికి దానిని వినిపించు ఏర్పాటు కూడ చేసెను. 1244లో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనము మఱియొక ఉదాహరణము. పూర్వపు రాజులు తుపానులో చిక్కి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని సరకును బలవంతముగ లాగుకొనుచుండిరనియు, తాము అట్లు చేయక ముప్పదింట ఒక వంతు సుంకము మాత్రమే తీసికొందుమనియు ఆ శాసనము సముద్రవర్తకులకు తెలుపుచున్నది. సుంకమెంతో రేవులోనే, రాతిమీద, అందఱు చూచునట్లు చెక్కియుండగా దానికి మించి అడుగుట ఏ ఉద్యోగికైనను కష్టమే గదా.

స్థలమును ఎంచుట

బోర్డు ఎచ్చట నిలుపవలెనను ప్రశ్నకు సామాన్యముగ వచ్చు సమాధానము పంచాయతీ కార్యాలయము ముందర అని. అధికారులకు అది సులభము. కాగితము అంటించుటకు పది అడుగులు నడచిన చాలును. కాని బోర్డు అంటించువాని సౌకర్యమునకై కాక చదువువాని సౌకర్యమునకై యుండవలెను. స్థలము నిర్ణయించుటకు ముందు ఒకరిద్దరు మనుష్యులు ఒక పనిదినమున ఉదయము 6 గంటలనుండి రాత్రి 8 గంటలవరకు ఊరిలో తిరిగి, జనము ఎచ్చట ఆగుచున్నారో చూడవలెను. నడచిపోవుచోటు వేఱు, ఆగుచోటు వేఱు. బస్సు కొఱకు నిలుచుచోట, చౌకధరల దుకాణమువద్ద, పాలకేంద్రమువద్ద, మంచినీటి ట్యాంకు క్రింద జనము ఊరక నిలిచియుందురు. అట్టివారు ఎదుటనున్నదానిని తప్పక చదువుదురు. రచ్చబండవద్దను, టీ దుకాణమువద్దను మగవారు గుమిగూడుదురు గాని ఆడవారు అచ్చట ఆగి కాగితము చదువరు. కావున కుళాయి, చౌకధరల దుకాణము, అంగన్‌వాడీ కేంద్రము ఈ మూడింటిలో ఏదో ఒకదానికి చేరువగా బోర్డు ఉండుట మేలు.

దీనికంటె ముఖ్యమైనది మఱియొకటి కలదు. పెద్దవీధిలో నిలిపిన బోర్డును శివారు పల్లెవారు, దళితవాడవారు, తండావారు నెలకొకసారియైనను చూతురో లేదో విచారింపవలెను. వేలము ప్రకటన, ఇండ్ల స్థలముల జాబితా, పింఛను అర్హుల జాబితా మొదలగునవి ఎవరికి ఎక్కువగా కావలసియున్నవో వారే బోర్డునకు ఎక్కువ దూరమున ఉండుట పలుచోట్ల జరుగుచున్నది. తెలంగాణలో 2018 నాటి పంచాయతీరాజ్ చట్టముతో అనేక తండాలు, గూడెములు స్వంత పంచాయతీలైనవి. అట్లు కానిచోట్ల ప్రతి ఆవాసమునందును చిన్నదైనను ఒక బోర్డు ఉండవలెను. పెద్దబోర్డు సొగసుకు పెట్టు ఖర్చును తగ్గించి ఆ సొమ్ముతో రెండవ బోర్డు పెట్టించుట న్యాయమని మేము చెప్పుదుము.

స్థలము పంచాయతీదై యుండవలెను. ఒకరి ఇంటి ప్రహరిమీద పెట్టిన బోర్డు ఆ ఇంటివారి బోర్డే యగును; వారితో మాటలు లేనివారు దాని దగ్గరకు పోరు. గుడి, మసీదు, చర్చి గోడలకు కూడ ఈ మాట కొంత వర్తించును. రోడ్డు మలుపులో పెట్టినచో వచ్చు బండ్లు కనబడవు. కరెంటు తీగెల క్రిందను, ట్రాన్స్‌ఫార్మరు ప్రక్కను ఎన్నడును పెట్టరాదు. వీధిదీపమునకు దగ్గరగా ఉండిన మంచిది. కూలిపనులకు పోవువారు తిరిగి వచ్చునప్పటికి ప్రొద్దుక్రుంకును. చెట్టునీడ విషయములో మాత్రము రెండు పక్షములు కలవు. వేపచెట్టు క్రింద నిలిచి చదువుట హాయిగానుండును. కాని కొమ్మలు విఱిగిపడును, కాకులు రెట్టలు వేయును, వాన వెలిసిన తరువాత కూడ చాలసేపు చినుకులు పడుచుండును. చెట్టునకు పది పదునైదు అడుగుల ఎడముగా బోర్డు నిలిపి, చదువరి మాత్రము నీడలో నిలుచునట్లు కుదిరినచో రెండును సమకూరును.

ఎండ, వాన, దిక్కు

కాగితమునకు వానకంటె ఎండయే పెద్ద శత్రువు. వాన పడినప్పుడే తడియును. ఎండ దినదినమును సిరాను తినివేయుచుండును. ఎఱ్ఱసిరా మొదట వెలియును, నల్లసిరా తుదివరకు నిలుచును. అందువలన ముఖ్యమైన తేదిని ఎఱ్ఱసిరాతో వ్రాయు అలవాటు ఆరుబయట బోర్డునకు తగదు. పది దినములలో అందఱికి కావలసిన ఆ తేదియే మాయమగును.

మన రాష్ట్రములు భూమధ్యరేఖకు ఉత్తరమున సుమారు 13 డిగ్రీలనుండి 20 డిగ్రీలవరకు ఉన్నవి. సంవత్సరములో ఎక్కువ భాగము మధ్యాహ్న సూర్యుడు మనకు దక్షిణపు వైపుననే యుండును. ప్రాంతమును బట్టి ఏప్రిల్ చివర లేక మే నెలలో నడినెత్తికి వచ్చి, కొంతకాలము ఉత్తరమునకు జరిగి, జూలై చివర లేక ఆగస్టు నెలలో మరల నడినెత్తిని దాటి దక్షిణమునకు పోవును. కావున ఉత్తరాభిముఖముగ నిలిపిన బోర్డుపై సెప్టెంబరు చివరనుండి మార్చి మూడవ వారమువరకు ఎండ సూటిగా పడనే పడదు. తక్కిన నెలలలో ఉదయ సాయంకాలములందు ఏటవాలుగ పడును. వేసవి నడిమధ్యాహ్నమున పడు ఎండను చిన్న చూరు ఆపివేయును. దక్షిణమునకు, పడమటికి తిరిగిన బోర్డుకు ఇట్టి రక్షణ లేదు. తూర్పు ముఖము మధ్యమము. వాస్తు కొఱకు దిక్కు చూచు పెద్దలు కూడ ఉత్తరమునకు అభ్యంతరము చెప్పరు గనుక ఈ విషయములో శాస్త్రమునకు, ఆచారమునకు తగవు రాదు.

వాన సంగతి వేఱు. తెలంగాణములోను, ఉత్తరకోస్తాలోను నైఋతి ఋతుపవనముల కాలమున గాలి పడమటి దిక్కునుండి వీచును గనుక ఉత్తరముఖపు బోర్డు చాలవరకు తప్పించుకొనును. నెల్లూరు మొదలైన దక్షిణకోస్తా ప్రాంతములలో అక్టోబరు, నవంబరు నెలలలో ఈశాన్యపు గాలితో జడివాన వచ్చును. అచ్చట ఉత్తరముఖపు బోర్డు వానకు ఎదురు నిలిచినట్లగును. చూరు పెంచినంతమాత్రమున ఇది తీరదు. గాలివాన 45 డిగ్రీల ఏటవాలుగ పడినచో ఒకటిన్నర అడుగు చూరు, తన క్రింద ఒకటిన్నర అడుగు ఎత్తును మాత్రమే కాపాడగలదు. మూడడుగుల బోర్డు అడుగుభాగము తడిసియే తీరును. కావున కోస్తా గ్రామములలో అద్దపు తలుపు తప్పనిసరి. మెట్టప్రాంతములలో తలుపు లేకున్నను మంచి చూరు ఉన్నచో జరుగును.

స్తంభములు, పునాది

నాలుగు అడుగుల వెడల్పు, మూడు అడుగుల ఎత్తు గల బోర్డు ఒక మధ్యరకపు గ్రామమునకు చాలును. అది చిన్న వస్తువువలెనే కనబడును గాని గాలికి అది తెరచాప. సెకనుకు 50 మీటర్ల, అనగా గంటకు 180 కిలోమీటర్ల వేగముగల గాలి చదరపు మీటరుకు సుమారు 150 కిలోల ఒత్తిడి కలిగించును. 2014 అక్టోబరు 12న విశాఖపట్నమువద్ద తీరము దాటిన హుద్‌హుద్ తుపాను గాలి వేగము ఇంచుమించు అంతటిదే. ఆ లెక్కను 12 చదరపు అడుగుల బోర్డుపై 170 కిలోల త్రోపు పడును. ఇద్దరు పెద్దమనుష్యులు తమ బరువునంతయు మోపి నెట్టినట్లు. పైపును అడుగులోతు గుంటలో పాతి, చుట్టును రాళ్లు పెట్టి దిమ్మిస ఇచ్చినంతమాత్రమున అది నిలువదు.

రెండంగుళముల జి.ఐ. పైపు మంచిది. అంగడిలో అది 6 మీటర్ల నిడివిలో దొరకును; దానిని సరిగా సగమునకు కోసినచో ఇంచుమించు పదేసి అడుగుల స్తంభములు రెండు వచ్చును. వ్యర్థము లేదు. మూడడుగులు భూమిలో పోగా ఏడడుగులు పైన నిలుచును. గుంట ఒకటిన్నర అడుగు చదరము, మూడడుగుల లోతు ఉండవలెను. అడుగున నాలుగంగుళములు కంకర పోసి, దానిపై స్తంభమును నిలిపి, తూకపుగుండుతో నిలువు చూచి, 1:2:4 పాళ్లలో సిమెంటు, ఇసుక, కంకర కలిపిన కాంక్రీటు పోయవలెను. రెండు గుంటలకు కలిపి సుమారు రెండున్నర బస్తాల సిమెంటు పట్టును. కాంక్రీటు నేలకు రెండంగుళములు పైకి వచ్చి, నలువైపుల వాలుగ ఉండవలెను. చదునుగానున్న, స్తంభము మొదట నీరు నిలిచి త్రుప్పు పట్టును. పైపు త్రుప్పు పట్టు చోటు దాదాపు ఎల్లప్పుడును ఇదియే. వారము దినములు గోనెపట్టా కప్పి నీరు చల్లుచుండవలెను. ఆ వారములోగా బోర్డును బిగింపరాదు. పని త్వరగా ముగింపగోరు మేస్త్రి రెండవనాడే బిగింతుననును. ఒప్పుకొనరాదు.

నల్లరేగడి నేలలలో మఱింత జాగ్రత్త కావలెను. ఆ మన్ను వానకు ఉబ్బి ఎండకు బీటలు వాఱును. దానితోపాటు పునాది కూడ లేచుచు దిగుచు రెండు మూడేండ్లలో స్తంభము ఒఱగును. అట్టిచోట గుంటను మఱి యొక అడుగు లోతు, చుట్టును అర అడుగు వెడల్పు ఎక్కువ త్రవ్వి, కాంక్రీటునకు అడుగునను ప్రక్కలను మొరముతో గట్టిగ నింపవలెను.

పైపు కొనలేని గ్రామములు సరుగుడు వాసమునో, తాటిదూలమునో వాడవచ్చును. భూమిలోనుండు భాగమునకు, పైన మఱియొక అడుగువరకు తారు పూయవలెను. అయినను చెదలు పట్టకమానవు, ఏటేట చూచుకొనవలసినదే. ఇప్పటికే గట్టి గోడ ఉన్నచో స్తంభముల ఖర్చే అక్కరలేదు. గోడమీద సిమెంటుతో నున్నగా గిలాబుచేసి నల్లరంగు వేసిన పలక అన్నిటికంటె చవుకయైనది, చెదలంటనిది, కోతులు చింపలేనిది. దానిమీద సుద్దతో వ్రాయుటకు ఒకరు ఓపిక చేసికొనవలెను, అంతే.

పలక, చూరు, తలుపు

పలకకు ప్లైవుడ్ వాడునప్పుడు దానిమీద ముద్రింపబడిన గుర్తును చూడవలెను. ఐ.ఎస్. 710 అనునది నీటికి తట్టుకొను మెరైన్ రకము, ఐ.ఎస్. 303 అనునది సామాన్య రకము. ధరలో వ్యత్యాసమున్న మాట నిజమే. కాని సామాన్య రకము ఆరుబయట ఒకటి రెండు వానకాలములకు పొరలు విడిపోవును. ఆఫీసులలో గుడ్డ పఱచి గుండుసూదులు గ్రుచ్చు మెత్తని బోర్డులు బయటికి పనికిరావు. వానిలోనికి తేమ చేరును, తేమ వెంట చెదలు చేరును. ప్లైవుడ్‌పై పలుచని జి.ఐ. రేకు బిగించి, చిన్న అయస్కాంతపు బిళ్లలతో కాగితములు నిలుపు పద్ధతి అన్నిటికంటె సుఖమైనది. సూదులు లేవు, త్రుప్పుమరకలు లేవు, కాగితము చినుగదు. అయస్కాంతములు పిల్లలు పట్టుకొనిపోవుదురని కొందఱు సర్పంచులు మాతో అనిరి. నిజమే, పట్టుకొనిపోవుదురు. వానికి తలుపు, తాళము కావలెను. చిన్న అయస్కాంతములు పసిపిల్లల నోటబడిన ప్రమాదము గనుక కూడ తాళము కావలెను.

చూరు రేకును ముందువైపు ఎత్తుగ, వెనుకవైపు పల్లముగ వాల్చవలెను. పలువురు దీనిని తాఱుమాఱు చేసి, వాననీరు చదువువాని నెత్తిమీద పడునట్లు కట్టుదురు. ముందంచు నేలకు ఏడడుగుల ఎత్తుననుండిన ఎవరి తలకును తగులదు.

అద్దపు తలుపు పెట్టినచో గాలి ఆడు రంధ్రములు తప్పక ఉంచవలెను. గాలి చొరనిచో లోపల చిక్కిన తేమ రాత్రివేళ అద్దముపై ఆవిరిగ పట్టి కాగితములను తడుపును. కప్పిన పెట్టెలోనే కాగితము బూజుపట్టుట చూచి జనులు ఆశ్చర్యపడుదురు. అడుగునను, పైనను వేలిముద్దంత రంధ్రములు నాలుగేసి వేసి, సన్ననిజల్లి బిగించిన చాలును.

ఎత్తు విషయములో మేస్త్రులు తమ కన్నులనే కొలతగ తీసికొందురు. మన దేశపు స్త్రీల సగటు ఎత్తు 5 అడుగుల లోపే. బోర్డు నడిమిభాగము నేలకు నాలుగున్నర అడుగులలోను, పై అంచు ఆఱడుగులలోను ఉండవలెను. చక్రముల కుర్చీలో వచ్చువారు, వంగి నడచు వృద్ధులు చదువవలసిన పింఛను ప్రకటనలను అడుగుభాగమున పెట్టవలెను. బోర్డు ముందర గుంట, మురుగుకాలువ ఉండరాదు. ఆఱడుగుల మేర గచ్చు చేయించిన వానకాలమందు కూడ నిలిచి చదువవచ్చును.

వ్రాత

తెలుగు లిపికి పైన గుడులు, క్రింద ఒత్తులు ఉన్నవి. ఇంగ్లీషు అక్షరముల కొలతతో వరుసలు దగ్గర దగ్గరగా పేర్చినచో పై వరుస ఒత్తు క్రింది వరుస గుడిలో చిక్కుకొని, దూరమునుండి చూచువానికి రెండును ఒకటియై కనబడును. అక్షరమెంత ఎత్తో వరుసల నడుమ అంత ఖాళీ ఉండవలెను. శీర్షిక అక్షరములు రెండంగుళముల ఎత్తున నున్నచో ఇరువది అడుగుల దూరమునుండి సుఖముగ చదువవచ్చును. వచ్చువాడు ఆగవలెనో, పోవలెనో ఆ శీర్షికయే నిర్ణయించును. ‘ప్రకటన’ అని మాత్రము వ్రాసిన శీర్షిక ఎవరిని ఆపదు. ‘చెరువు చేపల వేలము’ అని, క్రింద తేది, వేళ, చోటు వ్రాసినచో కావలసినవాడు ఆగును.

పై కార్యాలయమునుండి వచ్చిన ఉత్తరువును ఉన్నదున్నట్లు అంటించుట చట్టప్రకారము అవసరమగు సందర్భములు కలవు. అప్పుడు అట్లే చేయవలెను. కాని దాని ప్రక్కన నాలుగు వరుసలలో సారాంశము వ్రాసి పెట్టుట పంచాయతీ కార్యదర్శి విధిగా భావింపవలెను. ఎవరికి వర్తించును, ఏమి చేయవలెను, ఏ తేదిలోగా, ఎవరి దగ్గర. ఇంతే. ఉర్దూ చదువువారున్న ఊళ్లలో ఉర్దూలోను, సరిహద్దు గ్రామములలో కన్నడము, తమిళము, ఒరియాలలోను ఈ నాలుగు వరుసలైనను ఉండవలెను.

కంప్యూటరు ముద్రలలో సిరాజెట్టు యంత్రముతో తీసిన కాగితము తడికి అలుకుకొనిపోవును. లేజరు ముద్ర, జిరాక్సు ప్రతి అట్లు కావు. పంచాయతీ కార్యాలయములో ఏ యంత్రమున్నదో చూచుకొని, మొదటిరకమైనచో ఒక జిరాక్సు తీయించి దానినే అంటించుట మేలు.

బోర్డుమీద ఒక మూల ఎప్పటికిని కదలని భాగము ఉండవలెను. అత్యవసరములకు 112, అంబులెన్సుకు 108, అగ్నిమాపకదళమునకు 101, బాలల సహాయమునకు 1098, సైబరు మోసముల ఫిర్యాదుకు 1930, రైతుల సందేహములకు కిసాన్ కాల్ సెంటరు 1800-180-1551. వీనిని కాగితముమీద కాక రంగుతో రేకుమీద వ్రాయింపవలెను. వాతావరణశాఖ హెచ్చరికల రంగుల అర్థము కూడ అచ్చటనే వ్రాయించుట ఉపయోగకరము: పసుపు అనగా గమనించుచుండవలెను, నారింజ అనగా సిద్ధముగ ఉండవలెను, ఎఱుపు అనగా వెంటనే చర్య తీసికొనవలెను.

జిగురు, మేకలు, కోతులు

గోడకు కాగితము అంటించుటకు మైదాపిండి జిగురు కాచు అలవాటు పలుచోట్ల కలదు. చవుకయే. కాని దాని వాసనకు మేకలు, గొఱ్ఱెలు వచ్చి అందినంతమేర కాగితమును తినును; మిగిలినదానిని బొద్దింకలు, వెండిచేపలను పురుగులు తినును. పురుగు పట్టకుండుటకై కొందఱు జిగురులో మైలుతుత్తము కలుపుదురు. పుస్తకములు కుట్టువారు గదిలో దానిని వాడుట వేఱు. పశువులకందు ఎత్తులో, ఆరుబయట గోడమీద దానిని వాడరాదు. మైలుతుత్తము రాగి లవణము; గొఱ్ఱెలు రాగి విషమునకు మిక్కిలి లోబడును. ఒక ప్రకటన కొఱకు ఒక పేదవాని గొఱ్ఱె చావనక్కరలేదు.

కోతుల బెడదయున్న గ్రామములలో రెపరెపలాడు కాగితమేదియు నిలువదు. అచ్చట తలుపులేని బోర్డు పెట్టుటకంటె పెట్టకుండుట నయము. గొళ్లెము మాత్రము చాలదు. కోతి గొళ్లెము తీయగలదు. తాళము వేయవలెను.

తాళపుచెవులు రెండు చేయించి, ఒకటి పంచాయతీ కార్యదర్శివద్దను, రెండవది సర్పంచివద్ద కాక కార్యాలయమందే ఒక నిర్ణీతస్థలమునను ఉంచవలెను. మేము చూచిన బోర్డులలో పాడైనవానికంటె తాళపుచెవి పోయినందున మూతపడినవే ఎక్కువ. అద్దము లోపల రెండేండ్లనాటి గ్రామసభ ప్రకటన భద్రముగ నుండును. బయట, అద్దముమీద క్రొత్త కాగితము అంటింపబడియుండును.

చదివి వినిపించుట

2011 జనాభా లెక్కల ప్రకారము అప్పటి ఆంధ్రప్రదేశములో అక్షరాస్యులు నూటికి 67 మంది. ఆ తరువాత చదువు పెరిగియుండును. అయినను పొలముపనికి పోవు వృద్ధులలోను, స్త్రీలలోను చదువనేరనివారు నేటికిని ప్రతి ఊరిలో ఉన్నారు. వారికి బోర్డు ఒక గోడ మాత్రమే. గడువుగల ప్రకటన ఏది పెట్టినను ఆనాటి సాయంకాలమే దండోరా వేయించుటయో, మైకులో చదివించుటయో చేయవలెను. బడిపిల్లలు వారమునకొకనాడు బోర్డు ముందర నిలిచి పెద్దగా చదువు ఏర్పాటు చేసినచో ఖర్చులేదు, పిల్లలకు చదువును అబ్బును. ఏజెన్సీ గ్రామములలో కోయ, సవర, గోండి భాషలు మాట్లాడువారిలో ఒకరు దానిని తమ భాషలో చెప్పవలెను.

చేతిఫోనులలో ఊరి వాట్సాపు బృందములు వచ్చిన తరువాత బోర్డు ఎందుకని అడుగువారు కలరు. ఫోనులో వచ్చినది త్వరగా వచ్చును, త్వరగా క్రిందికి పోవును. ఎవరు వ్రాసిరో, నిజమో కల్పనయో తేలదు. బృందములో చేర్చుకొనని కుటుంబము ఉండవచ్చును. బోర్డునుండి ఎవరిని తొలగింపజాలరు. ప్రకటనను బోర్డుమీద పెట్టి, దాని ఛాయాచిత్రమును బృందములో పంపుట ఉత్తమము. అప్పుడు ఫోనులో చూచినవాడు సందేహము కలిగినచో వచ్చి అసలును చూచుకొనగలడు.

నిర్వహణ

బోర్డు ఒక మనిషి పనిగా ఉండవలెను; అందఱి పని ఎవరి పనియు కాదు. వారమునకు ఒక నిర్ణీతదినమున, గ్రామమునకు సంతదినమైన మంచిది, గడువు తీరిన కాగితములను తీసివేసి అద్దము తుడువవలెను. పాతకాగితముపై క్రొత్తకాగితము అంటించుట కూడదు. పొరలు పేరుకొన్న బోర్డును ఎవరును చదువరు, క్రొత్తది పెట్టినట్లు కూడ గుర్తింపరు. సినిమా పటములు, పుట్టినరోజు శుభాకాంక్షలు, వ్యాపారప్రకటనలు మొదటినాడే తీసివేయవలెను. ఒకటి మిగిల్చిన పది వచ్చును. తప్పిపోయిన పశువు, అద్దెకు దొరకు ట్రాక్టరు వంటి గ్రామస్థుల ప్రకటనలకు ఒక ప్రక్క రెండడుగుల చోటు విడిచినచో వారు తక్కినభాగము జోలికి రారు.

వానకాలమునకు ముందు, అనగా మే నెలలో, చూరు బోల్టులు బిగించి, త్రుప్పుపట్టినచోట గీకి, రెడ్ఆక్సైడు పూసి, పైన రంగు వేయవలెను. సంక్రాంతికి ముందు మఱియొకసారి చూచిన చాలును. చెదలమట్టి గీతలు కనబడినప్పుడు వెంటనే గీకి, మూలము ఎచ్చటనున్నదో వెదకవలెను. తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు అద్దపు తలుపును ఊడదీసి లోపల పెట్టుటకు వీలుగ బందుల శీలలు ఊడివచ్చునట్టివిగ బిగించుట దూరదృష్టి.

ప్రతి ప్రకటనకు క్రమసంఖ్య, పెట్టిన తేది, తీయవలసిన తేది, పెట్టినవాని సంతకము ఉండవలెను. ఇవే వివరములు కార్యాలయములోని ఒక చిన్న పుస్తకములో ఎక్కింపవలెను. పెట్టిననాడు ఒక ఛాయాచిత్రము, తీసిననాడు ఒక ఛాయాచిత్రము తేదితో తీయవలెను. వేలమునకు పోటీదారుడెవడో రాత్రికి రాత్రి కాగితము చింపివేసిన సందర్భములందు, లేక ప్రకటన పెట్టనేలేదని తరువాత తగవు వచ్చిన సందర్భములందు ఈ పుస్తకమే సాక్ష్యము. తీసిన కాగితములను పాఱవేయక సంవత్సరవారీగ కట్టగట్టి, మూడేండ్లయినను ఉంచవలెను. గ్రామస్థుడెవడు అడిగినను ఆ కట్ట విప్పి చూపవలెను.